మైల పడని ఇంపాలా

మొన్న ఆత్మకూరులో పెళ్లికి వెళ్తే కల్యాణమండపం గేటు దగ్గర మా పెదనాయన ఇంపాలా కారు కనిపించింది. ఉదయగిరిలో గొడ్ల కొట్టం పక్కన ఏళ్ల తరబడి తుప్పు పట్టిన బండికి ఆయన మనవడు, మా అన్న కొడుకు, డీజిల్ ఇంజన్ పెట్టించి, ఎర్రరంగు కొట్టించి, తన పెళ్లి ఊరేగింపుకే తెచ్చుకున్నాడు. జనం ఎగబడి ఫోటోలు దిగుతున్నారు. వాడు ఆ మోడల్ చరిత్రంతా నా ఫోనుకు పంపి, టీచరుగా చేసినదాన్ని కాబట్టి మైకులో రెండు ముక్కలు చెప్పమన్నాడు. అమెరికాలో ఒకప్పుడు దర్జా అంటే ఆ కారేనట. వెనక రెక్కలు మొదట పెరిగి, తర్వాత తగ్గి, చివరికి గుండ్రటి ఎర్ర లైట్లు మిగిలాయట. ఈమధ్యే తయారీ ఆపేశారట. చదవడం ఆపి ఫోను సంచిలో వేసుకున్నాను.

మా ఇంట్లో దాని చరిత్ర వేరే ఉంది. మద్రాసులో చితికిపోయిన ఒక సినిమా నిర్మాత దగ్గర పెదనాయన దాన్ని కొన్నాడు. పక్కన దూకుతున్న జింక బొమ్మ ఉండేది. జీవాలు మేపుకునే మా వాళ్లు దాన్ని చూసి మేకపోతు కారన్నారు. జింకేనని వాదించి వాదించి పెదనాయన గొంతు పోయింది. ఎక్కేముందు చెప్పులు విడవాలి. ఒకసారి ఉదయగిరిలో చెప్పులు విడిచి ఎక్కిన పెద్దమనుషులు నెల్లూరులో ఉత్తకాళ్లతో దిగి, పెళ్లికి ముందు చెప్పుల కొట్టు వెతుక్కున్నారు. చుట్టుపక్కల గొప్పిళ్లలో పెళ్లికొడుకు అందులోనే రావాలి. పెదనాయన అద్దె అడిగేవాడు కాదు, పొగిడితే చాలు. మా ఇంటి ఆడవాళ్లను మాత్రం ఎక్కించుకున్న పాపాన పోలేదు. దాన్ని తుడిచేది మాత్రం పెద్దమ్మ పాత చీరలతోనే.

పెద్దమ్మకు రెండో కాన్పులో బిడ్డ అడ్డం తిరిగిన రోజు కారు ఇంట్లోనే ఉంది. మర్నాడు ఎవరిదో పెళ్లి, అందుకని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, సీట్లకు తెల్ల గుడ్డలు తొడిగి ఉంచారు. మంత్రసాని చేతులెత్తేసి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. మా అమ్మ కారు తలుపు మీద చెయ్యి వేసింది. పెదనాయన ఆ చెయ్యి తీసేసి, "పురిటి మైల తగిలితే రేపు పెండ్లికొడుకును ఎట్ట కూసోబెట్టేది?" అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లంతా అది విని, వేరే బండి కోసం రోడ్డు మీదికి పోయారు. సంతకు పోతున్న గొర్రెల లారీని ఆపి, గొర్రెల నడుమ గోనె సంచులు పరిచి పెద్దమ్మను పడుకోబెట్టారు. మా అమ్మ తోడు ఎక్కింది. ఆత్మకూరు చేరకముందే ఆడపిల్ల పుట్టి, ఏడవకుండానే పోయింది. తిరిగొచ్చిన అమ్మ చీరకు అంటిన పెంట, నెత్తురు కలిసిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మర్నాడు పెళ్లికొడుకు తెల్ల గుడ్డల మీద కూర్చుని ఊరేగాడు. పెదనాయన పక్కనే కూర్చుని అందరికీ దండాలు పెట్టాడు. పోయినవాళ్లను తిట్టకూడదని నాకూ తెలుసు, కానీ ఆయన్ని తలుచుకుంటే అసహ్యమే వేస్తుంది.

మైకు నేను ముట్టుకోలేదు. నేను బెట్టు చేస్తున్నాననుకుని వాడు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిపించాడు. అవ్వ తాతగారి కార్లో కూర్చుంటే ఫోటో తీయాలట. పాపం, వాడికి ఎవరూ చెప్పలేదు. ఎనభైకి దగ్గరపడిన ఆ మనిషి తెరిచిన తలుపు ముందు నిలబడి లోపలికి చూసింది. సీట్లకు మళ్లీ తెల్ల గుడ్డలే.

"ఆ పొద్దు ఎక్కనియ్యలేదు నాయనా. ఇప్పుడెక్కి యాడికి పోవాల?" అంది.

వాడు నావైపు చూశాడు. నేను పెద్దమ్మను ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చేశాను. ఎన్నేళ్లు గడిచినా కొన్ని ప్రయాణాల ఆలస్యం తీరదు.