ముందు చక్రానికి బరువు

శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్లలో "జగ్గమ్మ ఇల్లెక్కడ?" అని అడిగితే "ఏ జగ్గమ్మ?" అంటారు. సైకిల్ జగ్గమ్మ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు. గంప నీచు కొడుతోందని బస్సు ఎక్కనివ్వకపోతే, రోషమొచ్చి పాత సైకిలొకటి కొని, మోకాళ్లు చీరుకుని తొక్కడం నేర్చుకున్న మనిషి. పదహారేళ్లుగా సముద్రపొడ్డు పల్లె నుంచి దాని మీదే చేపలు తెచ్చి అమ్ముతోంది. చేపలమ్మే ఆడవాళ్లలో సైకిలు తొక్కేది తనొక్కతే. మొగుడు పోయి, కూతురు అత్తారింటికి వెళ్లాక ఆవిడకి మిగిలిన గొప్పల్లా అదొక్కటే. దాని జోలికి వస్తే ఊరుకునే రకం కాదు.

పోయినేడు ఒక పొద్దున పడవలింకా ఒడ్డుకి చేరలేదు. చేపల వేలంపాట కోసం కాచుకుని కూర్చున్న జగ్గమ్మకి, తడిసి గట్టిపడ్డ ఇసుక మీద సైకిలుతో కుస్తీ పడుతున్న మనిషి కనిపించింది. పల్లెలో ఎప్పుడూ చూడని ముఖం. పాతికేళ్లుంటాయేమో. సైకిలు కొత్తది, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. ఎక్కుతోంది, రెండు తొక్కులు తొక్కుతోంది, పడుతోంది. పడ్డప్పుడల్లా పకపకా నవ్వుతోంది.

జగ్గమ్మకి ఒళ్లు మండింది. పడ్డ మనిషి ఏడవాలి గానీ నవ్వడమేమిటి? అయినా నాలుగోసారి పడేసరికి చూస్తూ కూర్చోలేక లేచి వెళ్లింది.

"ఎవులే నువ్వు? సక్రంకేసి సూస్తావేటి? ఎదరకి సూడు."

"బారువ నుంచి వొచ్చినాను పిన్నీ, నా పేరు గౌరి. మా ఆయన గుజరాత్ బోట్ల మీదకి ఎల్లినాడు. ఈ పల్లెలోనే అద్దెకి దిగినాను. సైకిలొచ్చీస్తే నాను కూడా సేపలమ్ముకుంటాను."

ఆ 'నాను కూడా' జగ్గమ్మకి గుచ్చుకుంది. అక్కణ్ణించే వెనక్కి తిరిగిపోదామనుకుంది. కానీ చేతులు అప్పటికే సీటు పట్టుకుని ఉన్నాయి. యాభై దాటిన మనిషి, ఆయాసపడుతూ ఇసుకలో సైకిలు వెనకాల పరుగెత్తింది. మర్నాడూ పరుగెత్తింది. నాలుగో రోజు చెయ్యి వదిలేసిందో లేదో, గౌరి వేలంపాట జరిగే చోటిదాకా తొక్కుకుంటూ వెళ్లిపోయి, అక్కడ గుండ్రంగా తిరిగి వెనక్కి వచ్చింది.

నాలుగే రోజులు! తనకి నెల పట్టింది. తన సీటు పట్టుకున్న వాళ్లెవరు? అప్పట్లో తను పడుతుంటే పల్లెకి పల్లె ఒడ్డున చేరి చోద్యం చూసింది. ఎల్లాజీ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఇప్పుడు అదే ఎల్లాజీ కుడుతున్న వల మీంచి తలెత్తి చూసి, "ఒలే జగ్గమ్మా, నీకన్నా ఈ గుంటే నయం. ఎంత నిటారుగా కూకున్నాదో సూడు" అన్నాడు. ఆ రాత్రి జగ్గమ్మకి అన్నం సయించలేదు.

గౌరి కొద్దికొద్దిగా చేపలు తీసుకుని జగ్గమ్మ వెంటే ఊళ్లోకి రావడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే, ఎన్నో ఏళ్లుగా జగ్గమ్మ దగ్గర తప్ప కొనని సుభద్రమ్మ గుమ్మంలోకి వచ్చి, "కొత్త సైకిలమ్మాయి రానేదేటి?" అని అడిగింది. అడిగితే అడిగింది, వీధి చివరిదాకా తొంగి చూసింది. గౌరి సీటు పట్టుకున్న తన చేతుల్ని జగ్గమ్మ తిట్టుకుంది.

చేపల సైకిలు నడపడంలో ఒక కిటుకుంది. వెనక పెట్టెనిండా చేపలూ ఐసూ పెడితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అందుకే జగ్గమ్మ తూకపు రాళ్లన్నీ సంచిలో వేసి హ్యాండిలుకి కడుతుంది. చేతికి అందుబాటుగా ఉంటాయని కట్టుకుందనుకుంటారు చూసినవాళ్లు. గౌరిది బ్యాటరీతో నడిచే చిన్న కొక్కెం తక్కెడ, జాకెట్లో దోపుకుంటే పట్టేస్తుంది. హ్యాండిలు బోసిగా ఉండేది.

మొదటిసారి పెట్టెనిండా సరుకు కట్టిన రోజున గౌరి సైకిలు ఆపి, "పిన్నీ, అన్నీ సరిగ్గా ఉన్నాయా? ఒకపాలి సూడు" అంది.

జగ్గమ్మ తాడు లాగి చూసింది, పెట్టె కదిపి చూసింది. బోసి హ్యాండిలూ చూసింది.

"బాగున్నాది. ఎల్లు."

నాకెవరు చెప్పారు, పడే నేర్చుకుంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నిజానికి పడాలనే కోరుకుంది. ఊళ్లోవాళ్లు చూస్తుండగా ఒక్కసారి పడితే చాలనుకుంది.

జగ్గమ్మ వెనకాలే వస్తోంది. కాలవ వంతెన ఎక్కుతుండగా గౌరి సైకిలు ముందు చక్రం లేచింది. హ్యాండిలు ఎటు తిప్పినా తిరగలేదు. సైకిలు వెనక్కి జారి, అడ్డంగా తిరిగి, గౌరి రోడ్డు మీద బోర్లా పడింది. పెట్టె పగిలి కవళ్ల చేపలన్నీ మట్టిలో దొర్లాయి. మోచెయ్యి చెక్కుకుపోయింది, గడ్డం చిట్లి రక్తం కారింది. ఈసారి గౌరి నవ్వలేదు.

టీ బడ్డీ దగ్గరి జనం మూగారు. "నేర్పినోలికి సరిగ్గా నేర్పడం రానేదు" అన్నాడొకడు.

"పిన్ని బాగానే నేర్పినాది బాబూ, నాకే సేతకానేదు" అంది గౌరి చప్పున. గడ్డానికి కొంగు అదుముకుని జగ్గమ్మ వైపు తిరిగింది. "నీకు సెడ్డపేరు తెచ్చీసినాను పిన్నీ."

తిట్టినా బావుండేది. ఆ మాట జగ్గమ్మ మొయ్యలేకపోయింది.

"నీ సేతకానితనం కాదు. ఎదర బరువు కట్టాల. నాకు తెలుసు. తెలిసే సెప్పనేదు."

"ఎందుకు?"

"కుళ్లు," అంది జగ్గమ్మ. "నిన్ను సూసి ఓర్సుకోలేకపోయినాను."

గౌరి ఆవిడ ముఖంలోకి చూసింది. "ఇంకా ఏటేటి దాసినావు?"

"ఇదొక్కటేనే. ఒట్టు."

గౌరి నమ్మలేదు. జగ్గమ్మ తన రాళ్ల సంచి విప్పబోతే వద్దంది. వంతెన పక్కన పడున్న ఇటుకలు రెండు ఏరి, తాడుముక్కతో తన హ్యాండిలుకి కట్టుకుంది. మిగిలిన చేపలు కడుక్కుని, పగిలిన పెట్టెలోనే సర్దుకుని, సైకిలెక్కి, వెనక్కి చూడకుండా వంతెన దాటి వెళ్లిపోయింది.

ఆ తర్వాత గౌరి వేరే ఊళ్లు చూసుకుంది. వేలంపాట దగ్గర ఎదురుపడితే పలకరిస్తుంది, పిన్నీ అని మాత్రం అనదు. మొన్న సుభద్రమ్మ ఇంట్లో మనవరాలి అన్నప్రాశనకి ఎక్కువ చేపలు కావాలంటే ఇద్దరూ తెచ్చారు. పెరట్లో ఇద్దరూ ఎదురుబొదురుగా కత్తిపీటలు వేసుకుని చేపలు బాగుచేస్తుంటే, సుభద్రమ్మ కబుర్లలో పడి అడిగింది.

"అవునమ్మా గౌరీ, సైకిలు నీకు ఎవులు నేర్పినారు?"

జగ్గమ్మ చెయ్యి ఆగింది. కళ్లెత్తి గౌరి వైపు చూసింది.

"ఎవులూ నేర్పనేదమ్మా," అంది గౌరి పొలుసు గీకుతూనే. "నాకు నానే పడి నేర్సుకున్నాను."

సుభద్రమ్మ నిజమేనా అన్నట్టు జగ్గమ్మ వైపు తిరిగింది.

"అవునమ్మా," అంది జగ్గమ్మ తల దించుకుని. "దానికదే నేర్సుకున్నాది."