సర్దార్‌కు మొలిచిన దొంగకొమ్ము

గంగుబాయి జీవితంలో మొట్టమొదటి గెలుపు, తాను గీసిన ఎద్దు బొమ్మ కింద తన పేరు తాను రాసుకోవడం. అది ఊరికే దక్కలేదు. మొగుడు రామ్‌దాస్‌తో ఒక ఎండాకాలమంతా కొట్లాడి సాధించుకుంది.

రామ్‌దాస్ వాదం సూటిగానే ఉండేది. "ఎద్దు ఎవలది? నాది. గడ్డి ఎవలేస్తున్రు? నేను. మరి బొమ్మ కింద పేరు ఎవలిదుండాలె?"

"నీదే రాయి సంజన బాపూ," అన్నది గంగుబాయి. కూతురి పేరు కలిపి అంత తీయగా పిలిచిందంటే ఏదో ముంచుకొస్తున్నట్టే లెక్క. "గని పేరు నీదైతే మూతి గుడ నీదే ఉండాలె గద. ఎద్దుకు నీ మీసాలు పెడ్త. సూసినోళ్లు ఎంబడే గుర్తువడ్తరు."

అన్నట్టే బొగ్గుముక్క తీసి ఒకవైపు మీసం గీసేసింది కూడా. రెండో మీసం పూర్తి కాకముందే రామ్‌దాస్ దండం పెట్టాడు. ఎద్దు నాదైనంత మాత్రాన బొమ్మ నాది కాదని ఆ ఇంట్లో ఆ రోజే తీర్పు అయిపోయింది. చట్టం చదవకముందే ఆమెకు చట్టం తెలుసనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

బోధన్ దాటి మంజీర వైపు పోయే దారిలో ఉంది వాళ్ల ఊరు. ఎడ్ల పండుగ పొలాల అమావాస్య వచ్చిందంటే ఊళ్లో ఎడ్లన్నీ కడిగించుకుని గంగుబాయి వాకిట్లోనే నిలబడాలి. కొమ్ములకు రంగు, వీపు మీద పూలు, డొక్కల మీద నెమళ్లు. ఆమె చెయ్యి పడని ఎద్దు ఊరేగింపులో తల దించుకుని నడుస్తుందని పేరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగ ఆగిపోయి, చెరుకు బండ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చి, ఎడ్లు తగ్గిపోయాక ఆమె చెయ్యి ఖాళీగా ఉండలేకపోయింది. పాత పెట్టెల చెక్కల మీద తమ ఎద్దు సర్దార్‌ను గీయడం మొదలుపెట్టింది. సర్దార్‌కు ఎడమ కొమ్ము సగమే ఉంటుంది. చెరుకు బండితో మలుపు తిరుగుతూ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టాడు. స్తంభం ఇప్పటికీ ఒరిగే ఉంది.

సర్దార్ నిలబడినట్టు, సర్దార్ పడుకున్నట్టు, సర్దార్ పక్కవాళ్ల చెరుకు నములుతూ ఏమీ ఎరగనట్టు చూస్తున్నట్టు గీసింది. జిల్లా ప్రదర్శనలో ఆమెకు శాలువా కప్పారు. అది తెచ్చి సర్దార్ మీద కప్పి ఆ బొమ్మ కూడా గీసింది. చుట్టుపక్కల మండలాల్లో ఇంత ఘనత ఇంకే ఎద్దుకైనా ఉంటే చెప్పండి!

ఆ శాలువా బొమ్మను ఎవరో ఫోన్లో పంపగా చూసి అల్మాస్ గంగుబాయికి ఫోన్ చేసింది. అల్మాస్ హైదరాబాదులో బొమ్మల గ్యాలరీ నడుపుతుంది. తాతలది బోధనే కానీ ఆమె పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. బొమ్మలు అమ్ముతారా అని అడిగింది.

"అమ్ముడు గిమ్ముడు లేదు బిడ్డా. పాలుకిస్త," అన్నది గంగుబాయి.

మన దిక్కు దూడను పాలుకు ఇవ్వడం అందరికీ తెలిసిందే. దూడ ఇచ్చినవాళ్లదే. సాకినవాళ్లకు ఈతలో, అంటే దానికి పుట్టే దూడల్లో, సగం. బొమ్మలు గ్యాలరీలో ఉన్నా తనవే, అమ్ముడైతే చెరిసగం అని ఆమె ఉద్దేశం. అల్మాస్‌కు వినబడింది మాత్రం పాలు. గంగుబాయి మాట్లాడుకోవడానికి హైదరాబాదు పోయేసరికి పెద్ద గ్లాసుతో వేడి పాలు వచ్చాయి. అవి తాగేసరికి ఇంకో గ్లాసు. వద్దంటే మర్యాద కాదని అదీ తాగింది.

మూడో గ్లాసు దగ్గర తట్టుకోలేక, "ఏం బిడ్డా, బొమ్మల దుకాణమా, డెయిరీనా?" అంది.

"మీరే కదమ్మా ఫోన్లో పాలు అడిగింది!"

సంగతి అర్థమయ్యాక ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. అల్మాస్ ఒప్పుకుంది. ఒక గది నిండా సర్దార్ బొమ్మలే పెడతానంది. ఊళ్లో గంగుబాయి నడక మారిపోయింది.

సరిగ్గా అప్పుడే రామ్‌దాస్ నిజామాబాద్ గంజ్ మార్కెట్ నుంచి ఒక బెల్లం పెట్టె తెచ్చాడు. పెట్టె మీద సర్దార్!

గంగుబాయి కళ్లు చిన్నవి చేసి చూసింది. ఆమె కోపం రెండు అంచెలుగా వచ్చింది. మొదటిది చిన్నది, అడగకుండా అచ్చేశారని. రెండోది పెద్దది. "అరె దేవా! నా ఎద్దుకు కొమ్ము మొలిపించిండ్రు!"

నిజమే. విరిగిన కొమ్మును అచ్చువాడు సరిచేసి, రెండు కొమ్ములూ సమానంగా దిద్దేశాడు. సర్దార్ ఫొటో స్టూడియోలో నిలబడ్డ పెళ్లికొడుకులా ఉన్నాడు.

పెట్టె గంజ్‌లో బెల్లం, పసుపు వ్యాపారం చేసే నర్సన్న సావుకారిది. నిరుడు బేరానికి ఇంటికొచ్చి ఒక బొమ్మ కొనుక్కుపోయాడు. విషయం విన్న అల్మాస్ గొంతు ఫోన్లో నీరసపడింది. "అమ్మా, ఆ ఎద్దు మీద హక్కు ఎవరిదో తేలాలి. మీ బొమ్మలన్నీ ఒకే పోలిక. రేపు ఆయన కోర్టుకు పోతే నా గోడలు ఖాళీ చేయాల్సి వస్తుంది. తేలకుండా పెట్టలేను."

అంటే సర్దార్ హైదరాబాదు పోవాలంటే ముందు గంజ్‌లో గెలవాలి.

గంగుబాయి నిజామాబాద్ కంఠేశ్వర్‌లో వకీలు వినీత దగ్గరికి వెళ్లి సావుకారుకు నోటీసు పంపించింది. కింద పళ్ల డాక్టరు, పైన వినీత ఆఫీసు. కింద మిషను గిర్రుమన్నప్పుడల్లా గంగుబాయి తన దవడ పట్టుకునేది. అలా దవడ పట్టుకునే ఆమె చట్టం నేర్చుకుంది.

"అవ్వా, సర్దార్‌ను అమ్మినవనుకో. దానికి పుట్టే దూడ ఎవరిది?" అని మొదలుపెట్టింది వినీత.

"ఎద్దుకు దూడేంది బిడ్డా! వకీలు సదువు గిట్లనే సదివినవా?"

వినీత నాలుక కరుచుకుంది. "సరే, బర్రె అనుకో."

"కొన్నోళ్లది."

"బొమ్మ అట్ల కాదు. నువ్వు గీసి పెట్టుకున్న బొమ్మ అమ్మితే ఆ చెక్క ఒక్కటే పోతది. దాన్ని అచ్చేసే హక్కు, పెట్టెల మీద వేసే హక్కు నీ దగ్గరే ఉంటది. నువ్వు రాసి సంతకం పెట్టి ఇస్తే తప్ప."

"బర్రెను అమ్మినంక గుడ ఈత నాకేనా? గిసొంటి బర్రె మా ఊర్ల యాడ లేదే!" గంగుబాయి ముఖం వెలిగిపోయింది.

"ఆగు, ఒక మెలిక ఉంది. ఎవరన్న వచ్చి, నాకు ఫలానా బొమ్మ కావాలె అని చెప్పి, పైసలిచ్చి గీయించుకున్నరనుకో. వేరే ఒప్పందం లేకుంటే ఆ హక్కు వాళ్లకే పోతది. మన నోటీసుకు నర్సన్న సావుకారు అదే జవాబు ఇచ్చిండు. నేనే చెప్పి గీయించుకున్న అంటున్నడు."

"పచ్చి అబద్ధం!"

"సాక్షి ఉన్నరా?"

"సర్దారున్నడు."

వినీత తల పట్టుకుంది. కింద మిషను మళ్లీ గిర్రుమంది.

గంజ్ పెద్దమనుషుల ముందు మాట్లాడుకుందామని నర్సన్న సావుకారే కబురు పెట్టాడు. తన దుకాణంలోనే కూర్చోబెట్టి అందరికీ చాయ్ పోయించాడు. గుమ్మం దగ్గర హమాలీలు మూగారు. కోపం చేయొద్దు, వాదన నాకు వదిలెయ్యి అని వినీత దారి పొడవునా చెప్పింది. గంగుబాయి సరేనంది. కోపం చేయలేదు. పొగిడింది.

"సావుకారు అసొంటి కన్ను గంజ్‌ల ఇంకెవలకన్న ఉన్నదా?" అని మొదలుపెట్టింది పెద్దమనుషుల వైపు తిరిగి. "పసుపు కొమ్ము సూత్తె సాలు, ఏ ఊరిదో సెప్తడంట."

నర్సన్న తలపాగా సర్దుకున్నాడు. "మోర్తాడ్‌దా, ఇందల్వాయిదా, కండ్లు మూసుకోని సెప్త. వాసన సాలు."

"బొమ్మల సంగతి గుడ అంతేనా సావుకారూ? నాకైతే అన్ని బొమ్మలు ఒక్క తీరే కనవడ్తయి. నీకు మంచిది గదేనని ఎట్ల తెల్సింది?"

"అది కన్ను అంటె!" నర్సన్న ముందుకు జరిగాడు. "మీ అర్రల దండెం మీద రామ్‌దాస్ తువాల ఆరేసి ఉండె. దాని ఎన్క సగం కొమ్ము కనవడ్డది. వేరేటోడైతే పట్టించుకోకపోవు. నేను తువాల జరిపి సూసిన. సూడంగనే అన్న, గిదే కావాలె నాకు అని."



వినీత మెల్లగా అడిగింది. "అంటే మీరు పోయేసరికే బొమ్మ గోడకు ఉందా సావుకారు గారూ?"

"లేకుంటె ఎట్ల సూస్త తల్లీ? పిచ్చిదాని లెక్క..." అని నర్సన్న అక్కడ ఆగిపోయాడు. హమాలీల్లో ఒకడు ముందుగా నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. పెద్దమనుషుల్లో ముసలాయన చాయ్ మింగలేక దగ్గాడు.

గంగుబాయి మాత్రం నవ్వలేదు. "సగం కొమ్ము కనవడ్డదన్నవు గద. అంత మంచి కన్నుకు, పెట్టె మీద ఆ సగం ఎటు పోయింది?"

నర్సన్న గ్లాసు కింద పెట్టాడు. "అచ్చేసెటోడు జేసిండు అక్కా," అన్నాడు. అక్క అన్న మాట ఆయన నోట రావడం గంజ్‌లో అదే మొదటిసారట.

అక్కడే రాజీ కుదిరింది. అచ్చేసే హక్కు గంగుబాయిదేనని నర్సన్న రాసి సంతకం పెట్టాడు. పెట్టెల మీద బొమ్మ ఉండనిచ్చింది ఆమె, కానీ పాలుకు. ఒక ఏడాదికే. కొమ్ము విరిగే ఉండాలి, కింద ఆమె పేరు ఉండాలి. విరిగిన కొమ్ము పెట్టెల్లో బెల్లం ఎక్కువ తియ్యగా ఉందని ఇప్పుడు గంజ్‌లో జనం అంటున్నారు. నర్సన్న కూడా అంటున్నాడు, తానే కనిపెట్టినట్టు.

అప్పటి నుంచి ఎవరైనా బొమ్మ గీయమని చెప్పి వస్తే గంగుబాయి కుంచె ముట్టదు. ముందు కాగితం మీద ఈత ఎవరిదో రాయాలి. ఊరి సర్పంచుకు కూడా మినహాయింపు లేదు.

నర్సన్న సంతకం పెట్టిన కాగితం అందగానే అల్మాస్ గది సిద్ధం చేసింది. ఈసారి ఒప్పందంలో పాలు అన్న మాట పక్కన సగం వాటా అని వినీత విప్పి రాసింది. పాల గ్లాసులు వద్దని గంగుబాయి విడిగా చెప్పింది. ఆమె పట్టుబట్టి రాయించిన షరతు ఇంకొకటి ఉంది. ప్రదర్శన ఎన్నాళ్లు నడిచినా సరే, బొమ్మలు అక్కడే ఉండనీ, ఆమెను మాత్రం పొలాల అమావాస్యకు ముందే పంపించేయాలి.

"ఎందుకమ్మా, ఇక్కడ మిమ్మల్ని చూడటానికి పెద్దపెద్దవాళ్లు వస్తారు," అంది అల్మాస్.

"ఆడ నాకోసం ఎడ్లు నిలవడ్తయి బిడ్డా. నేను లేకుంటె సంజన బాపు కుంచె పట్టుకుంటడు. కొమ్ములు కాదు, మీసాలు పెడ్తడు."

బొమ్మల పెట్టెలతో ఆమె రైలెక్కింది. రామ్‌దాస్ అప్పుడే రంగు డబ్బాలు కడిగి ఎండకు పెట్టాడు, మూతలు మాత్రం తెరవలేదు. సర్దార్ వాకిట్లో సగం కొమ్ముతో గోడను గీకుతున్నాడు. గంగుబాయి తిరిగి వచ్చేది అమావాస్యకు ముందే, సెప్టెంబర్ తొమ్మిది, బుధవారం.