మెడలో కత్తెర

దర్జీకి కత్తెర ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది; అయినా కుర్రతనం నుంచీ దారం తెంపేది ముందుపన్నే. ఆ పన్ను ఊగుతోందని వెళ్తే, డాక్టరమ్మ చిగురు కోసి, శుభ్రం చేసి, కుట్లు వేసింది. "లోపలి కణాలు మళ్లీ పన్నునీ ఎముకనీ కలిపి పట్టుకోవాలి. నమిలేటప్పటి కాస్త ఒత్తిడి వాటికి మంచిదే. గట్టిగా లాగారంటే పట్టు వదిలేస్తాయి. దారం మాత్రం కొరక్కండి," అంది. భార్యకి నమ్మకం చాలక కత్తెరకి తాడు కట్టి అతని మెడలో వేసింది. రోజూ అద్దం ముందు పెదవి ఎత్తి చూసుకునేవాడు. చిగురు గులాబీరంగుకి తిరుగుతోంది. ఇవాళ ఆఖరి గుండీ కుట్టి, అలవాటుగా తల వంచాడు. దారం తెగలేదు. చొక్కా మీద నెత్తుటి చుక్క, దారానికి చిక్కుకుని పన్ను. "ఏమండీ, అయిందా?" అంది భార్య లోపలినుంచి. అతను మెడలోని కత్తెర అందుకుని, ఆ దారాన్ని జాగ్రత్తగా కత్తిరించాడు.