వెండి పూత మౌత్‌పీసు

అబద్ధాలను నున్నటి కాగితం మీద అచ్చేసి అమ్మేవాళ్లంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. డెబ్బయ్యో దశకం చివర్లో మల్కాపురంలో మాది పెళ్లిళ్ల బ్యాండు మేళం. మా అక్క మొగుడు ముందు వరస ట్రంపెట్, నేను వెనక వరస. మేళం మొత్తానికి ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గీర కూడా ఉండేది.

ఆ ఏడు ఒక ఫ్యాక్టరీ వాళ్లు తమ బ్యాండులోకి మనిషిని తీసుకుంటామన్నారు. నెలజీతం, క్వార్టరు. ఊదించి చూసే పరీక్షకు మా మేళం నుంచి ఒక్కరికే పిలుపు. బావే వెళ్లాలనుకున్నాం. ఆ ఏడు దాటితే బావకు వయసు చెల్లిపోతుంది.

నేను ఊరుకున్నానా? వన్‌టౌన్‌లో వాయిద్యాలు బాగుచేసే సాయిబు దుకాణంలో ఒక కంపెనీ పుస్తకం తిరగేసి బావకు చదివి వినిపించాను. ట్రంపెట్‌కు పెదవులు ఆనించే చోట తగిలించే మౌత్‌పీసు అంచు పలచనైతే పై స్వరాలు శ్రమ లేకుండా పలుకుతాయిట. పక్క పేజీలో, అంచు మందమైతే పలుకుతాయిట. రెండూ ఎలా నిజమవుతాయని అడిగే బుర్ర నాకు లేకపోయింది.

"ఊదీది పెదవి బాబూ. ఈ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా ఊదేడా?" అన్నాడు సాయిబు.

ముసలాడికేం తెలుసులే అనుకున్నాను. లోపలంతా మేలైన ఇత్తడి, పైన ఎన్నేళ్లయినా చెదరని వెండి పూత అని రాసిన పలచటి అంచుదాన్ని బావ చేత కొనిపించాను.

ఉప్పుగాలికి ఇత్తడి చిలుం పడుతుందని మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం వాయిద్యాలన్నీ చింతపండుతో, బూడిదతో తోమి బొట్టు పెట్టేవాళ్లం. అక్క కొత్తదాన్ని మరీ ముద్దుగా తోమింది. నాలుగో శుక్రవారానికి వెండి కాస్తా నీళ్లలో పోయింది. కింద ఇత్తడైనా ఉందా అంటే అదీ లేదు, ఏదో మసిరంగు లోహం. అది తగిలి, ఆ అంచు కోసి, బావ పెదవి దద్దుర్లతో వాచిపోయింది. పరీక్షకు ఇంకా మూడు రోజులే ఉంది.

కోపం పట్టలేక నేను తలుపు చాటున నిలబడి పాతదాంతో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి ఒకే పాట ఊదాను. ఏది ఏదో మేళంలో ఒక్కడూ పోల్చలేకపోయాడు. ఈ పని కొనేముందు చెయ్యాల్సింది.

"నువ్వెల్రా. నానేటి ఊదగల్ను ఈ మూతితో," అన్నాడు బావ.

వెళ్లాను. ఉద్యోగం నాకొచ్చింది. బావ పెదవి మళ్లీ మునుపటిలా కుదురుకోలేదు. పెళ్లిళ్లలో తాళాలు వాయించాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు.

"నాను తోమబట్టే కదేటి ఇదంతా," అని అక్క మాత్రం వచ్చిన వాళ్లందరి దగ్గరా ఏడ్చేది.

ఉద్యోగంలో చేరిన వారానికి సాయిబు దుకాణంలో ఆ పుస్తకాన్ని చింపి పారేద్దామని తీశాను. చివరి పేజీ అడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో, పులుపు తగలనివ్వరాదని ఉంది. నేను ఆ పేజీ దాకా చదవనే లేదు. ఆ సంగతి అక్కకు ఈనాటికీ చెప్పలేదు.