మోకాలెత్తున కట్టిన చీర

నీలగిరి తైలం వాసన ఎక్కడ తగిలినా నా కాళ్లు ఆగిపోతాయి. మొన్న భూపాలపల్లి బస్టాండులో పక్కన కూర్చున్న ముసలామె మోకాళ్లకు రాసుకుంటుంటే, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడుపొచ్చింది. ఒకప్పుడు మా అరుగు మీద పదకొండు మంది వరుసగా కూర్చుని పిక్కలకు అదే తైలం రాసుకునేవారు.

వాళ్లది బొగ్గుబాయి ఫుట్‌బాల్ జట్టు. మా నాయిన కోచ్. జట్టులో ఉన్నవాళ్లకు బాయి లోపలికి దిగే పని తప్పి పైన పని దొరికేది, నాయినకూ అంతే. వానలు వెనకబడి, తంగేడు విరగబూసి, అమ్మ బతుకమ్మ సద్దులకని నువ్వులు వేయించి బెల్లంతో దంచే రోజుల్లో పోటీలు మొదలయ్యేవి. ఆ ముద్దలు బతుకమ్మ కంటే ముందు ఆటగాళ్ల నోళ్లలోకే పోతున్నాయని నాయనమ్మ సణిగేది. నాయినకో పిచ్చి ఉండేది. అమ్మ పాత చీరలు రెండు కలిపి ముడేసి, గ్రౌండుకు అడ్డంగా గుంజలకు మోకాలెత్తున కట్టేవాడు. బంతి దాని కింద నుంచే పోవాలి. పైనుంచి పోతే, తన్నినవాడు గ్రౌండు చుట్టూ ఉరకాలి.

"బంతి నేల ఇడువద్దు. పక్కోని కాలుకియ్యాలె," అనేవాడు.

చూడముచ్చటగా ఆడేవాళ్లు. ఏం లాభం, ముచ్చటగానే ఓడిపోయేవాళ్లు.

మూడేళ్లు వరుసగా ఓడాక బాయి మేనేజరు పెద్దసారు వేరే బాయి నుంచి ఇంకో కోచ్‌ను పిలిపించాడు. "బంతిని లేపుండ్రి, ముందున్న పొడుగోని నెత్తికందియ్యుండ్రి, అంతే," అన్నది ఆయన పద్ధతి. ఇద్దరిలో ఎవరు కావాలో ఆటగాళ్లనే చేతులెత్తి చెప్పమన్నాడు సారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది కెప్టెన్, అంటే మా చిన్నాయిన, నాయినకు సొంత తమ్ముడు. ఆ మధ్యాహ్నం ఆయనే చీరను విప్పి, మడతపెట్టి తెచ్చి, అరుగు మీద పెట్టి, లోపలికి రాకుండా వెళ్లిపోయాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడన్న పట్టడు," అంది అమ్మ. నాయిన సోమవారం నుంచి మొదటి షిఫ్టుకు బాయి లోపలికి దిగాడు.

ఆ ఏడు ఫైనల్‌ను నాయిన, నేను గ్రౌండు గీతకు బయట నిలబడి చూశాం. చిన్నాయిన లేపిన బంతి గ్రౌండు సగం దాటి వచ్చి, పొడుగాయన తలకు తగిలి గోల్లో పడింది. నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. వెంటనే నాలుక కరుచుకుని నాయిన వైపు చూస్తే, ఆయన నవ్వుతున్నాడు.

"కొట్టు బిడ్డా, మనోళ్లే గదా."

ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వెంటాడుతుంది. బహుమతులిచ్చేదాకా కూడా ఆగకుండా ఇంటికొచ్చేశాం. కొన్నేళ్లకు నాయినకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుతోనే పోయాడు. చిన్నాయిన మీద పెంచుకున్న కోపం మాత్రం నాతోపాటే పెద్దదైంది.

బస్టాండు నుంచి ఆ రోజు నేరుగా గ్రౌండుండే చోటికి పోయాను. గ్రౌండు లేదు, పైనుంచి తవ్వుకుంటూ వచ్చిన ఓపెన్‌కాస్టు గని మింగేసింది. కంచె దగ్గర కర్ర పట్టుకుని ఒక ముసలాయన గుంతలోకి చూస్తున్నాడు. చిన్నాయినే. ఎన్నేళ్లుగానో దాచుకున్న మాట నోరు జారింది.

"ముందుగాల చెయ్యెత్తింది నువ్వే గదా?"

ఆయన నా వైపు తిరగలేదు.

"మీ నాయిననే ఎత్తుమన్నడు బిడ్డా. ఇంకోసారి ఓడితె జట్టే తీసేస్తమన్నరట. గింతమంది కిందికి దిగుడెందుకు, నేనొక్కన్నే దిగుత అన్నడు. ఎవ్వలకు చెప్పద్దని ఒట్టేయించుకున్నడు."

గుంతలో లారీలు తిరుగుతున్నాయి. గోల్ స్తంభాలు ఎటువైపు ఉండేవో ఇద్దరికీ గుర్తు రాలేదు. నాయిన పోయాక ఇన్నేళ్లలో ఏ పండుగకూ నేను చిన్నాయినకు ఇంత అన్నం పెట్టలేదు.