తాతయ్య యుద్ధానికి అంకె

నా చిన్నప్పుడు ఒక కుర్చీ కోసం అన్నం మానుకున్నాను. అది 1954, కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. ఆత్మకూరు దగ్గరి మా పల్లెలో నేను ఐదో తరగతి చదువుతున్నాను. బడి మొత్తానికి ఉన్నది ఒకే కుర్చీ, అది అయ్యవారిది. ప్రపంచ యుద్ధాల పాఠం వచ్చినప్పుడు ఆయన, ఎదురింటి మామను పిలిపించి ఆ కుర్చీలో కూర్చోబెట్టి బర్మా సంగతులు చెప్పిస్తానన్నారు. మామ పటాలంలో పనిచేసి వచ్చినవాడు. ఆయన కూతురు బడిలో నా పక్కనే కూర్చునేది. ఆ మాట విన్నది మొదలు ఆ పిల్ల జడలు రెండూ ముందుకు వేసుకుని నడవసాగింది.

ఆ ఇంటి మీద నా కడుపుమంట అప్పుడు పుట్టింది కాదు. మా తాతయ్య రోజూ సాయంత్రం మజ్జిగ ముంత పట్టుకుని వాళ్ళింటికే పోయేవాడు. వాళ్ళ అరుగు మీద మామ పక్కన కూర్చుని, దీపాలు పెట్టేదాకా బర్మా గురించే అడిగేవాడు. అక్కడి వాన ఎట్లా ఉంటుంది, మట్టి ఏ రంగు, ఏం తినేవాళ్ళు, ఇవే ప్రశ్నలు. నేను పిలిచినా లేచేవాడు కాదు. తాతయ్య కూడా యుద్ధం చూసినవాడే కదా. 1916లో, అంటే అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, ఓడెక్కి బస్రా పోయివచ్చాడు. ఆ సంగతి ఎవరూ అడగరేమని నా బాధ.

ఆ మాటే ఆ పిల్లతో అన్నాను. ఆ పిల్ల పలకమీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"మీ తాత కంచరగాడిదలు మేపేకి పోయినాడంటనే. అది లెక్కలోకి రాదు. మా నాయనదే ప్రపంచ యుద్ధం, విమానాలు కూడా వచ్చినాయి."

లెక్కలోకి రావాలంటే ఏం ఉండాలని అయ్యవారినే అడిగాను. పెద్ద పెద్ద రాజ్యాలు రెండు పక్కలా చేరి, ఒక ఖండంలో కాక చాలా ఖండాల్లో, నేల మీదా సముద్రం మీదా పోరాడితే అది ప్రపంచ యుద్ధమని చెప్పారు. జర్మనీ యూరప్‌లో ఉంది, బస్రా ఆసియాలో ఉంది, కనుక లెక్క సరిపోయిందని పరుగున తాతయ్య దగ్గరికి పోయాను. జర్మనీవాళ్ళను చూశావా అని అడిగాను. ఒక్కణ్ణి కూడా చూడలేదన్నాడు. నా మొహం చిన్నబోవడం చూసి నవ్వాడు. "కొట్లాట ఎవురిదో నాకే తెలీదు పాపా. నా గాడిదకు అసలే తెలీదు."

సాక్షి ఇట్లా చెబితే నేనెక్కడ గెలుస్తాను? అయినా తాతయ్యను పిలవమని అయ్యవారిని బతిమాలాను. పిల్లలకు విమానాల కథే బాగుంటుందన్నారు. ఆ పూట నేను అన్నం తినలేదు.

మరునాడు మామ ఖాకీ కోటు వేసుకుని బడికి వచ్చాడు. వినడానికి తాతయ్య కూడా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. అయ్యవారు కుర్చీ చూపించారు. మామ కూర్చోలేదు.

"మాది రెండోదంటాండారు గదా అయ్యవారూ. ఒకటోది చూసినాయన ఈడ నిలబడుకోనుంటే నేనెట్ల కూచునేది? రా మామా, కూచో."

చెయ్యి పట్టుకుని తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను పక్కకు తిరిగి ఆ పిల్ల మొహం చూశాను. రెండు కంటే ఒకటి ముందన్నది పలక పట్టిన ప్రతివాడికీ తెలుసు. అంత సంతోషం నాకు ఏ పండగకూ కలగలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం గురించి చెప్పమన్నారు అయ్యవారు.

"మేము పోయినప్పుడు దానికి అంకె లేదు నాయనా. ఇంక ఇదే ఆఖరని చెప్పినారు. రెండోది వచ్చినాకనే మాది ఒకటోదయింది. ఆ అంకె రాకుంటేనే బాగుండు. కొట్లాట యాడో, మనకేం సంబంధం లేదు. అయినా ఆత్మకూరు నుంచి మన ఊరికి తంతి వస్తాది. మా చిన్నోడు పోయినాడని తంతి అట్లనే వచ్చింది. ప్రపంచ యుద్ధమంటే అదేనప్పా, నాకు తెలిసింది."

మా నాన్న తమ్ముడు నేను పుట్టిన ఏడు, 1944లో, బర్మా యుద్ధంలో పోయాడు. ఆ ఏడూ తెలుసు, ఆ దేశం పేరూ తెలుసు. ఆ రెండింటినీ ఎదురింటి అరుగుతో కలిపి చూడాలని మాత్రం నాకు తోచలేదు. తన కొడుకు కళ్ళు చివరిగా చూసిన వాననూ మట్టినీ తాతయ్య రోజూ ఆ అరుగు మీద అడిగి తెలుసుకుంటున్నాడు. మామది చిన్నాయన వయసే. అదే దేశం పోయి ప్రాణాలతో ఇల్లు చేరినవాడు. ఆ ఇంటిని చూసి కుళ్ళుకునే హక్కు మా వీధిలో ఎవరికైనా ఉంటే అది మా తాతయ్యకే ఉంది. అంత హక్కున్న మనిషి పోయి వాళ్ళ పక్కన కూర్చున్నాడు. నేను మాత్రం కుర్చీ కోసం పస్తున్నాను.

నాకిప్పుడు ఎనభై దాటాయి. టీవీలో ఏదో యుద్ధం చూస్తూ, ఇది ప్రపంచ యుద్ధం అవుతుందా అవ్వా అని మనవలు అడుగుతుంటారు. అయ్యవారు చెప్పిన ఖండాల లెక్క నాకింకా నోటికి వచ్చు. అయినా, దాంతో సంబంధం లేని ఏ పల్లెకు చావు కబురు పోయిందో ముందు కనుక్కోమంటాను.

అసూయ మాత్రం వయసుతో పోలేదు. ఎవరింటి మీద కడుపు మండితే ఆ ఇంటికే పోయి కూర్చుంటాను. ఏదో ఒకటి అడుగుతాను, వాళ్ళు చెబుతారు.