గంధకం తాకిన కడియం

2024 ఆగస్టు 11, ఆదివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. హనుమకొండలోని మా వంటగదిలో పాలు పొంగడానికి ఎదురుచూస్తూ నిలబడి ఉండగా, పక్క గదిలోంచి అప్పుడే గీసి ఆర్పిన అగ్గిపుల్ల వాసన, దాని వెనకే ఉడికి చల్లారిన కోడిగుడ్డు వాసన వచ్చాయి. మా ఇంట్లో అగ్గిపెట్టె వాడటం మానేసి చాలా ఏళ్లయింది, ఆ పూట గుడ్లు ఉడికించనూ లేదు. వెళ్లి చూస్తే పదిహేనేళ్ల మా అమ్మాయి అద్దం ముందు కూర్చుని, ముందురోజు వచ్చిన పార్సిల్‌లోని తెల్ల డబ్బా మూత తీసి, ముక్కు మూసుకుంటోంది. డబ్బా మీద సల్ఫర్ అని రాసి ఉంది. మొటిమలకట. వెనక వంటగదిలో పాలు పొంగి పొయ్యి మీదుగా కారిపోతున్నా నేను అక్కడి నుంచి కదలలేదు. ముప్పై ఆరేళ్ల కిందటి ఒక వరండా, ఒక పసుపుపచ్చని మందు, ఒక ముసలి చెయ్యి ఆ డబ్బాలోంచి బయటికి వచ్చి నా ఎదుట నిలిచాయి.

పన్నెండో ఏట మొదలుపెట్టిన దినచర్య నేను ఇప్పటికీ రాస్తున్నాను, పాత నోటుపుస్తకాలన్నీ బీరువాలో ఏడాది వారీగా ఉన్నాయి. 1988 పుస్తకం తీశాను. జూలై 17, ఆదివారం పేజీలో ఒకే వాక్యం ఉంది: ‘ఈ రోజు ముఖం మీద మొటిమలు ఇరవై మూడు.’ అప్పుడు నేను పదో తరగతి.

అప్పట్లో మేము వరంగల్ కొత్తవాడలో ఉండేవాళ్లం. ముందుగదిలో రెండు మగ్గాలు, వాటి మీద ఎప్పుడూ సగం నేసిన జంఖానా తివాచీలు, నాన్న ఇనుప పంజాతో దారాన్ని బిగగొట్టే చప్పుడు. వాన పడితే ఆరని నూలు కోసం ఇల్లంతా తాళ్లు కట్టేవారు గనుక ఎర్రటి, ఆకుపచ్చని నూలు చిలపల కింద వంగి వంగి నడిచేవాళ్లం, ఆ నూలు నుంచి కారిన చుక్కలు మా బడి చొక్కాల భుజాల మీద ఉతికినా పోని మచ్చలై ఉండేవి. వరండాలో నాయనమ్మ రాట్నం ముందు కూర్చుని పొద్దంతా కండెలు చుట్టేది. ఆమె రెండు చేతులకూ బొటనవేలంత లావు వెండి కడియాలు. పెళ్లినాడు తొడిగినవి. మణికట్లు వాటి చుట్టూ పెరిగి ముదిరిపోయాయి గనుక అవి రావు. మా ఇంట్లో ఆడవాళ్ల కడియాలు ప్రాణం పోయాకే కోసి తీసేవారు. రాట్నం తిరుగుతున్నప్పుడు కుడి కడియం చెక్కకు తగిలి చేసే టక్కుటక్కు వినపడితే నాయనమ్మ బాగున్నట్టు, ఆగితే నిద్రపోయినట్టు మాకు లెక్క.

ఆ తర్వాత నెల పైగా నా ముఖానికి శనగపిండి, పసుపు, వేపాకు, ముల్తానీ మట్టి వరుసగా పూశారు. ఆగస్టు 26న లెక్క ముప్పై ఒకటికి చేరింది. పక్కింటి సుజాత నా ఈడుదే. సజ్జరొట్టె మీద నువ్వులు అద్దినట్టున్నానని వాడకట్టంతా వినేలా నన్ను ‘నువ్వుల రొట్టె’ అని పిలిచేది. ఆ సాయంత్రం నేను అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టడం నాయనమ్మ చూసింది. మర్నాడు శనివారం, నా చెయ్యి పట్టుకుని మందుల దుకాణానికి నడిపించింది.

దుకాణం పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, నన్ను ఒకసారి చూసి, వెనక అరలోంచి చిన్న తగరపు డబ్బా తీశాడు.

“గంధకం మందమ్మా. దీపాలు పెట్టే యాళ్లకు జర పల్చగ పూసి, పండుకునే ముందు కడుగుమను.”

“గిది గజ్జికి పూసేది గాదయ్యా?”

“గజ్జికి గిదే, మొటిమలకు గిదే. ఫికర్ జెయ్యకు.”

దారి పొడుగునా నాయనమ్మ ఆ డబ్బాను కొంగులో మూటకట్టి నడిచింది. గజ్జి మందు కొన్నట్టు ఎవరికీ తెలియకూడదు. ఆ రోజు నుంచి దీపాల వేళకు నన్ను వరండా స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, కుడి అరచేతిలో మందు వేసుకుని, వేళ్లతో నా ముఖమంతా రాసేది. ఎడమ చెయ్యి ముఖానికి తాకించడం ఆమె దృష్టిలో పాపం. పల్చగా పూయమన్నదాన్ని దళసరిగా పూసింది. వారం తిరిగేసరికి నా చెంపలు ఎండిన చెరువు బురదలా పగిలి పొరలుగా లేచాయి.

“ఎక్కువ పూస్తే జల్ది తగ్గుతదనుకున్ననే బిడ్డా,” అని నొచ్చుకుని, రెండురోజులు మానిపించి, తర్వాత గోటి కొనకు వచ్చినంతే తీసి పూయడం నేర్చుకుంది. మందు పూసే కాసేపూ ఆమె ఏదో ఒకటి చెబుతూనే ఉండేది: నెక్కొండలో తమ్ముడితో కలిసి కందిచేలో కాయలు కాల్చుకు తిన్న సంగతి, పెళ్లినాడు కడియాలు తొడుగుతుంటే ఏడ్చిన సంగతి. లెక్క తగ్గడం మొదలైంది. సెప్టెంబరు 12న ఇరవై ఆరు, నెలాఖరుకు పంతొమ్మిది. వాసన మాత్రం తగ్గలేదు. సుజాత తొక్కుడుబిళ్ల ఆటలో నా పక్క గడిలో నిలబడనని అంది.

సెప్టెంబరు మూడో వారంలోనే నాయనమ్మ కుడి కడియం నల్లబడింది.

మొదట పొగచూరినట్టు, తర్వాత పెనం అడుగులా. ఆమె చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది. తెల్లబడిన వెండి నాలుగు రోజులకే మళ్లీ నల్లబడింది. అప్పుడు ఆమె ముఖంలో రంగు పోయింది. మా తాత మంచం పట్టిన రోజుల్లో ఆయన నడుముకున్న వెండి మొలతాడు సరిగ్గా ఇలాగే నల్లబడిందట, నెల తిరగకుండానే ఆయన పోయాడట. ఒంట్లో చావు చేరితే వెండికి ముందు తెలుస్తుందని మా వాడకట్టులో చాలామంది నమ్మేవారు. అమ్మ దవాఖానకు వెళ్దామని బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు.

“దవాఖానల ఏం జూస్తరు కొడుకా? వెండే జెప్తాంది గద,” అంది నాయనమ్మ, చాలా మామూలుగా.

దసరా సెలవులకు బడి మూసేముందు రోజు, ఆఖరి పీరియడ్‌లో సైన్స్ టీచరమ్మ లోహాల పాఠం చెబుతూ, వెండికి గంధకం తగిలితే నల్లబడుతుందని, గుడ్డు తినడానికి వాడిన వెండి చెంచా నల్లబడటం అందుకేనని చెప్పింది. నేను ఆ వాక్యాన్ని నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు గీశాను. కుడి చెయ్యి. కుడి చేత్తోనే పూస్తుంది. ఎడమ కడియం తెల్లగానే ఉంది. ఇన్ని రోజులు ఇంటిల్లిపాదీ చూసి కూడా ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికి పరుగెత్తి చెప్పాల్సిన మాట అది. చెప్పలేదు. ఆ ఉదయం నా లెక్క పన్నెండు. వెండిని మాడ్చే మందని తెలిస్తే అమ్మ ఆ డబ్బాను అప్పటికప్పుడే మోరీ కాలువలో పారేస్తుంది. సద్దుల బతుకమ్మనాడు నేను మొదటిసారి లంగా ఓణీ కట్టుకుని వాడకట్టు ఆడపిల్లలందరి మధ్య తిరగాలి. సద్దులు కానిచ్చి చెబుదామనుకున్నాను. మర్నాడే ఎంగిలిపూలు, బతుకమ్మ మొదటి రోజు; తొమ్మిదో రోజు సద్దులు.

ఆ తొమ్మిది రోజులు నాకు పువ్వు పువ్వునా గుర్తున్నాయి. కబురందిన నాయనమ్మ తమ్ముడు నెక్కొండ నుంచి రైల్లో రెండు గోనెసంచుల గునుగుపూలు తెచ్చాడు. మా ఇంట్లో వాటిని జంఖానా నూలుకు వాడగా మిగిలిన రంగుల్లోనే ముంచేవాళ్లం గనుక మా బతుకమ్మ ఎరుపు వాడలో ఇంకెవరికీ వచ్చేది కాదు. తంగేడు పూల పుప్పొడి అరుగుల నిండా రాలి కాళ్లకు అంటేది. నువ్వులు వేయించిన వాసన, పల్లీలు దంచే రోలు చప్పుడు, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దల వెచ్చదనం. వాటన్నిటి మధ్య నాయనమ్మ ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పంచిపెడుతోంది. పట్టుచీర అమ్మకు, ఇత్తడి బిందె చిన్నమ్మకు, రాట్నం సుజాత వాళ్లమ్మకు. రాట్నం వెళ్లిపోయిన రోజు ఇల్లు చెవిటిదైనట్టుంది.

“అక్కా, నువ్వు సచ్చుడేందే? నీ నోటికి జడిసి యముడు గీ గల్లీల అడుగు వెడ్తడా?” అని తమ్ముడు నవ్వించబోయి, తానే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ దీపాల వేళల్లోనూ ఆమె నా ముఖానికి మందు పూయడం మానలేదు. “నేను వొయినంక గిట్ల నువ్వే పూసుకో, పల్చగ,” అని పూసే తీరు నేర్పింది. నేను కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని.

సద్దులనాడు పొద్దున్నే, అమ్మతో కలిసి నువ్వులు చెరుగుతూ, మర్నాడు కాక ఆ మర్నాడు వెండిపని చేసే అవుసలాయనను ఇంటికి రమ్మన్నానని నాయనమ్మ చెప్పింది. తాను బతికుండగానే కడియాలు కోయించి కోడళ్లిద్దరికీ చెరొకటి ఇస్తుందట. అమ్మ చేతిలోని చేట కింద పడింది. నువ్వులు గచ్చంతా పరుచుకున్నాయి. నేను వాటి మధ్యనే నిలబడి చెప్పేశాను: గంధకం సంగతి, టీచరమ్మ మాట, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, అన్నీ. తొమ్మిది రోజుల కిందటే తెలుసనీ చెప్పాను.

ఎవరూ నమ్మలేదు. నేను డబ్బా తెచ్చి, ఆమె ఎడమ కడియం మీద వేలెడంత మేర మందు గట్టిగా రుద్దాను. ఆమె అలాగే పొయ్యి ముందు కూర్చుని రోజంతా మలీదకు రొట్టెలు కాల్చింది. పొద్దుగూకేముందు, బతుకమ్మను ఎత్తుకునే వేళ, కొంగుతో ఆ మందు తుడిచాం. దాని కింద వెండి గోధుమరంగు తిరిగి, అంచుల్లో నల్లబడి ఉంది.

నాయనమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాను.

“మీ తాతకు మంచంల ఒళ్లంత దురద లేసింది,” అంది మెల్లగా. “గీ మందే. నడుముకు, వీపుకు, నేనే పూసిన. నా చేతులతోనే పూసిన.” కడియం మీది నల్లటి అంచును వేలితో తడిమింది. “మొలతాడు నల్లవడ్డనాడే దవాఖానకు తోల్కవోతే బతికేటోడని, పదేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటాన బిడ్డా. గది మందా? గా నలుపు మందుదా?”

నేను తలూపాను. ఆమె ఏడ్చింది, అమ్మ, చిన్నమ్మ, ఆమె తమ్ముడు, అందరం ఆమె చుట్టూ నేల మీద కూర్చున్నాం. బయట ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పిలుస్తున్నారు. కాసేపటికి ముక్కు చీదుకుని, నా గదవ పట్టుకుని పైకెత్తింది.

“తొమ్మిదొద్దులు కడుపుల వెట్టుకున్నవానే దొంగముండా! గీ పన్నెండు మొటిమల కోసమా?”

“తొమ్మిదే ఉన్నయ్ నాయినమ్మా,” అన్నాను. అది ఆ ఉదయపు లెక్క. అప్పుడు నవ్వింది.

అమ్మ డబ్బాను పారేయబోతే నాయనమ్మే లాక్కుంది. మర్నాటి నుంచి దీపాల వేళకు కుడి కడియానికి పాత జంఖానా అంచు పేలిక ఒకటి చుట్టుకుని నా ముఖానికి మందు పూసేది. అవుసలాయన వచ్చి మలీద తిని, కడియాలు కోయకుండానే వెళ్లాడు. రాట్నం వెనక్కి వచ్చింది. నల్లబడిన కడియాన్ని మాత్రం ఆమె ఇక తోమనివ్వలేదు.

ఈ ఆదివారం మా అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. “డబ్బా ఇటియ్యి, పల్చగ పూయాలె,” అన్నాను. “ఛీ, నీకు వాసన రాట్లేదా మమ్మీ?” అంది. వస్తోందన్నాను. వేలికున్న వెండి ఉంగరం తీసి అద్దం పక్కన పెట్టి, గోటి కొనకు వచ్చినంత తీసుకుని, కుడి చేత్తో ఆమె నుదుటి నుంచి మొదలుపెట్టాను. అడగకుండానే ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత పొయ్యి మీద పొంగిన పాలు తుడిచి, నోటుపుస్తకంలో ఇది రాసుకున్నాను.

పోయినవి: నాయనమ్మ, 1999లో. మగ్గాలు రెండు. రాట్నం ఒకటి. మందుల దుకాణం, అందులోని పెద్దాయన. ఎడమచేతి కడియం, చిన్నమ్మ ఇంట కరిగి మనవరాలి పట్టీలైంది. నాయనమ్మకు పదేళ్ల బరువు దిగిపోయి ఉండాల్సిన రోజులు తొమ్మిది, నేను చెప్పనందువల్ల.

ఉన్నవి: కుడిచేతి కడియం, నల్లగానే. జంఖానా పేలిక ఒకటి. నా ఎడమ చెంప మీద గుంట ఒకటి, గిల్లవద్దని ఆమె చెప్పినా గిల్లినది.